బొమ్మలు అమ్మకానికి పెట్టొచ్చా? రోహిణి నుంచి బతుకమ్మ దాకా ఒక డైరీ

రోహిణి కార్తె, 2025

నీటిరంగుల్లో నల్లగొండ చుట్టుపక్కల బొమ్మలు వేస్తున్నా. పానగల్లు చెరువు కట్ట, ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు, లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు, గడియారం సెంటర్లో పొద్దున్నే పూలు అమ్మేవాళ్లు, బతుకమ్మలు. చూసినవాళ్లంతా "ఆన్‌లైన్ల పెట్టు, మస్తు పోతయ్" అంటున్నారు. ఇట్లా అన్నవాళ్లలో ఎంతకిస్తవని అడిగినవాళ్లు మాత్రం ఇంతవరకు లేరు.

పెట్టడం పెద్ద పనేం కాదు. ఫొటో తీసి, ధర రాసి వదిలితే అయిపోతుంది. పెట్టడానికి నేను తయారుగా ఉన్నానా లేదా అన్నది తేలాలి. ఇంట్లో నాది టైలరింగ్. బ్లౌజు చంక దగ్గర పట్టేస్తే కస్టమర్ అక్కడే నిలబడి విప్పిస్తది, ఎదురుగా ఉంటది గనుక సర్ది ఇచ్చేస్తా. ఆదిలాబాద్‌లో ఉన్న మనిషికి బొమ్మ పంపిస్తే ఆ వెసులుబాటు ఉండదు. ఫొటోలో చూసిన రంగే చేతికి రావాలి. మడత పడకుండా, తడవకుండా రావాలి. గోడకు తగిలించాక వెలిసిపోకూడదు. బొమ్మ బాగుందా బాగా లేదా అన్న గొడవను పక్కన పెట్టి, ముందు వీటి సంగతి చూస్తా.

రంగులతో మొదలుపెట్టా. ఎండ విషయంలో నల్లగొండకు వంక పెట్టే పని లేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు, ఇక రంగులెంత. కాటన్ కాగితం పట్టీలు కోసి, నా దగ్గరున్న ప్రతి ట్యూబులోంచీ ఒక పట్టీ మీద రంగు లాగా. ఒక చివర చిక్కగా, నీళ్లు కలుపుతూ పోతే రెండో చివరకు పలుచగా. పట్టీలో నిలువుగా సగానికి సిల్వర్ ఫాయిల్, దాని మీద నల్ల చార్టు ముక్క. మిగతా సగం ఎండకు వదిలేశా.

దక్షిణం కిటికీకి అంటించాలని ముందు అనుకున్నా. కానీ ఈ కార్తెలో మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికే ఉంటాడు, దక్షిణం గోడకు ఎండే తగలదు. అందుకని పడమటి కిటికీ అద్దానికి లోపలి వైపు నుంచి అంటించా. అత్తమ్మ చూసి "ఏందే, కిటికీకి మందు పట్టీలు కడుతున్నవా" అంది.

ట్యూబులు తిరగేస్తుంటే ఒక సంగతి స్పష్టమైంది. రంగు పేరును పట్టించుకోకూడదు. దాని కింద చిన్న అక్షరాల్లో పిగ్మెంట్ నంబరు ఉంటుంది, అదే అసలు జాతకం. అల్ట్రామెరైన్ అంటే పి.బి.29. బర్న్ట్ సియెన్నా అంటే పి.బి.ఆర్.7, అచ్చంగా మట్టి. ఇవి ఎండకు జంకేవి కావు. పి.ఆర్.83 అని ఉంటే అది పాతకాలపు అలిజరిన్ క్రిమ్సన్, వెలిసిపోతుందని ఎప్పటినుంచో పేరు. పిల్లలు వాడే రకం ట్యూబులు కొన్నింటి మీద నంబరే లేదు. వాటిని పరీక్షలో పెట్టా గానీ, ఫలితం ఎట్లా వచ్చినా అమ్మే బొమ్మల్లో వాడదల్చుకోలేదు.

మిరుగం

ఇంట్లో చేపల కూర. వాన రెండు చినుకులు రాల్చి వెళ్లిపోయింది.

పట్టీల మీది ఫాయిల్ విప్పా. నీలాలు, మట్టి రంగులు రెండు సగాలూ ఒక్కలాగే ఉన్నాయి. పసుపుల్లో పి.వై.154 నిలబడింది, తంగేడు పువ్వుకు అదే వాడుతున్నా గనుక బతికిపోయా. అలిజరిన్ పట్టీలో పలుచటి చివర సగానికి సగం దిగిపోయింది, చిక్కటి చివర అంతగా తెలియడం లేదు. నంబరు లేని ఊదా రంగు బూడిదలోకి తిరిగింది. ఇవన్నీ ఊహించినవే.

దెబ్బ కొట్టింది గులాబీ. ఓపెరా పింక్ అనే మెరిసే గులాబీ పట్టీలో ఫాయిల్ కింద ఉన్న సగం ఇప్పటికీ జిగేలుమంటోంది, ఎండ తగిలిన సగం నాలుగుసార్లు ఉతికిన జాకెట్టు గుడ్డలా ఉంది. ఆ రంగులో పిగ్మెంట్‌తో పాటు ఫ్లోరసెంట్ డై కలుపుతారు. మెరుపంతా ఆ డైదే, ముందు పోయేదీ అదే.

నా బతుకమ్మ బొమ్మలు నిలబడ్డది ఆ గులాబీ మీద. పొలాల గట్ల మీద గునుగు పువ్వు తెల్లగా, కొసన కాస్త గులాబీగా ఉంటుంది. తెచ్చి కట్టలు కట్టి రంగు నీళ్లలో ముంచుతాం గదా, అప్పుడు వస్తుంది ఆ కళ్లు చెదిరే గులాబీ. ప్రకృతిలో లేని రంగు అది, బజారు పొట్లాంలోది. దాన్ని కాగితం మీదికి తేవాలంటే మామూలు గులాబీలు చాలవు. పి.వి.19 అనే క్వినాక్రిడోన్ రోజ్ చాలాకాలం నిలుస్తుంది గానీ, పక్కపక్కన పెట్టి చూస్తే పెళ్లికి వచ్చినామె, పెళ్లి కూతురు అన్నంత తేడా.

ఈ వారమంతా పి.వి.19తోనే గునుగు వేస్తూ కూర్చున్నా. రంగు పెంచడం కుదరదు కాబట్టి చుట్టుపక్కల దించాలి. గునుగు వరస కింద గుమ్మడాకుల పచ్చను కొంచెం బూడిద వైపు తిప్పి, పైన తంగేడు వరసలో నారింజ ఛాయ తగ్గించి, పువ్వు కొసల దగ్గర కాగితం తెల్లగా వదిలేస్తే గులాబీ లేచి నిలబడింది. మెరవదు. కానీ దూరం నుంచి చూస్తే గునుగే. పాత బతుకమ్మ బొమ్మలు అమ్మకానికి లేవు, ఇంట్లో ఎండ తగలని గోడకు ఉంటాయి.

ఆరుద్ర

ఫొటోల పని. మబ్బు పట్టిన రోజులే దీనికి మంచివి. ఎండలో తీస్తే కాగితం గరుకంతా నీడలై కనిపిస్తుంది, లోపల ట్యూబులైటు కింద తీస్తే పసుపు ఆకుపచ్చలోకి తిరుగుతుంది. వరండాలో కుట్టుమిషన్‌కు ప్లైవుడ్ పలక ఆనించి, దానికి బొమ్మ క్లిప్పులు పెట్టి, అంతే వాలుగా ఫోన్ పట్టుకుని తీస్తున్నా. దగ్గరికి పోయి తీస్తే అంచులు ఉబ్బుతాయి. వెనక్కి జరిగి 2ఎక్స్‌లో తీస్తే గుడి స్తంభాలు నిటారుగా వస్తున్నాయి. పక్కన అదే కాగితం ఖాళీ ముక్క ఒకటి పెట్టుకుంటా. ఎడిట్ చేసేటప్పుడు ఆ ముక్క తెల్లగా కనిపించేదాకా సరిచేస్తే మిగతా రంగులు వాటంతటవే దారికొస్తాయి.

జిరాక్స్ షాపులో స్కాన్ కూడా చేయించి చూశా. గీతలు బ్రహ్మాండంగా వచ్చాయి, ఆకాశం మాయమైంది. పానగల్లు చెరువు మీద పొద్దున పూట వేసిన పలుచటి నీలం మొత్తం తెలుపైపోయింది. నా బొమ్మల్లో సగం ప్రాణం అలాంటి పలుచటి పూతల్లోనే ఉంటుంది గనుక ఆ స్కానర్ నాకు పనికిరాదు. ప్రింట్లు వేయాలనుకుంటే స్కాన్ గురించి మళ్లీ ఆలోచించాలి. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన, ఏ4 ప్రింటుకు 2480×3508 పిక్సెళ్లు కావాలి, ఫోన్ ఫొటోలో అవి ఉన్నాయి గానీ ఉన్నంత మాత్రాన సరిపోదు. ప్రింట్లు ఇప్పుడు వద్దు. అసలు బొమ్మలే.

తీసిన ఫొటోను నా ఫోన్లో, అత్తమ్మ పాత ఫోన్లో, మరిది కొత్త ఫోన్లో పక్కపక్కన పెట్టి చూశాం. మరిది ఫోన్లో చెట్లు రామచిలకల్లా ఉన్నాయి. అసలు బొమ్మ చేతిలో పెడితే "వదినా, గిది డల్లుగ ఉందేంది" అన్నాడు. ఇదే మాట రేపు డబ్బులిచ్చిన మనిషి అంటే? ఎవరి ఫోన్లో ఏ స్క్రీన్ ఉంటుందో నా చేతుల్లో లేదు. అందుకని ప్రతి బొమ్మకూ మూడు ఫొటోలు పెడతా. నిటారుగా ఒకటి, వరండా వెలుతురులో నా చేత్తో పట్టుకున్నది ఒకటి, పక్కన నా టైలరింగ్ కత్తెర పెట్టి ఒకటి. చేతి చర్మం రంగు అందరికీ తెలుసు, ఫోన్ ఎంత ఎక్కువ చేసి చూపిస్తోందో దాన్ని బట్టి అర్థమవుతుంది. కత్తెర సైజు కోసం. స్క్రీన్ మీద చూసి గోడంత బొమ్మ అనుకునేవాళ్లు ఉంటారు.

ఆషాఢం

పెళ్లిళ్లు లేవు, బ్లౌజులు తక్కువ. ధర సంగతి చూసుకోవడానికి ఇదే అదను.

22×30 అంగుళాల ఇంపీరియల్ షీటును ఎనిమిది ముక్కలు చేస్తే 7.5×11 వస్తుంది. నా బొమ్మలన్నీ ఆ కొలతే. ముక్కకు కాగితం ఖర్చు 90, రంగు 40 వేసుకున్నా. పనికి ఆరు గంటలు. నా గంట విలువెంతో కుట్టుమిషన్ ముందే చెప్పింది. లైనింగ్ బ్లౌజు మూడు గంటలు, 360 రూపాయలు. అంటే గంటకు 120, బొమ్మకు 720. మొత్తం 850.

ఇక్కడితో ఆపేస్తే లెక్క చూడ్డానికి బాగుంటుంది, కానీ నిజం కాదు. నీటిరంగుల్లో చెడిపోయిన దాన్ని విప్పి మళ్లీ కుట్టలేం. మూడు మొదలుపెడితే ఒకటి చెత్తలోకి పోతుంది, ఒక్కోసారి చివరి అరగంటలో. రెండు మంచి బొమ్మలకు మూడు బొమ్మల ఖర్చు, అంటే ఒక్కోదానికి 1275. అట్టలు, కవర్లు, టపా కలిపి 150. మొత్తం 1425 తేలింది. 1,500, టపాతో కలిపి. ఇందులో లాభం పేరుతో మిగిలేది కాఫీ ఖర్చంత. అయినా నా కూలి నాకు వస్తోంది, ఆ కూలి బ్లౌజు కూలికి తగ్గడం లేదు.

"పదిహేను వందలా? కాగితానికా?" అన్నాడు మా ఆయన. తప్పుగా అనలేదు, నిజంగానే అడిగాడు. జవాబు నా దగ్గర లేదు. తెలియని మనుషులే చెప్పాలి.

ప్రకాశం బజార్లో ఫ్రేములు కట్టే చాచా దగ్గరికి పోయా. నాలుగు బొమ్మలకు ఆయనే మౌంట్, అంటే బొమ్మకూ అద్దానికీ మధ్య అంచులా ఉండే అట్ట, కోసి 12×15 ఫ్రేములు కట్టి, షాపులో వేలాడదీసుకుంటా అన్నాడు. నా పేరు పెట్టొద్దని, ధర చీటీ మాత్రం పెట్టమని చెప్పా. బొమ్మ 1,500, ఫ్రేము ఖర్చు వేరే. మౌంట్ ఎందుకు దండగ అంటే ఆయన గోడకున్న ఓ పాత ఫొటో తీసి చూపించాడు, చెమ్మకు అద్దానికి అతుక్కుపోయి మొహం సగం ఊడిపోయింది. "అద్దం బొమ్మను ముట్టొద్దు బేటా. మజ్జెల గాలి ఉండాలె."

చాచా ఒకప్పుడు షాపులకు బోర్డులు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చి ఆ పని మింగేశాక ఫ్రేముల్లోకి దిగాడు. బొమ్మ చూసి ఏ గీత భయంతో గీసిందో, ఏది ధైర్యంగా లాగిందో చెప్పగలడు. గడియారం స్తంభం వేసినదాన్ని చూసి "ఇది స్కేల్ పెట్టి గీసినవ్" అన్నాడు. అవును.

బోనాల రద్దీలో దేవుళ్ల పటాలకు వచ్చినవాళ్లే షాపులో ఎక్కువ. వాళ్ల మాటలు చాచా గుర్తుపెట్టుకుని చెప్పేవాడు. "ఫొటోనా పెయింటింగా?" అన్నది అందరి మొదటి ప్రశ్న. రెండోది "లక్ష్మీదేవి లేదా?" ధర చూసి నవ్వి పోయినవాళ్లు ఉన్నారు. ఒకాయన "మన దిక్కోళ్ల బొమ్మలు ఎవరు కొంటరు" అన్నాడట. తెలంగాణ రాజముద్ర గీసిన ఏలె లక్ష్మణ్‌ది మన ఉమ్మడి జిల్లా కదిరేనిగూడెమే అని చాచా అతనికి గట్టిగానే వినిపించాడట. ఆ జవాబు నాకు నచ్చింది గానీ దాని వల్ల నా బొమ్మ అమ్ముడుపోదు.

అమ్ముడుపోయింది చెరువు కట్ట బొమ్మ. కొన్నది వనస్థలిపురంలో ఉంటున్న మనిషి, అమ్మానాన్నల పెళ్లి ఫొటోకు ఫ్రేము మార్పించడానికి వచ్చాడు. "ఇది మా పానగల్లు కట్ట గదా, గీ తుమ్మ చెట్టు ఇంకా ఉన్నదా?" అని అడిగాడట. బేరం ఆడలేదు. గడియారం బొమ్మ ముందు కూడా జనం ఆగారు, స్కేలు గీతల్ని పట్టించుకున్నది చాచా ఒక్కడే. నేను అన్నింటికన్నా బాగా వేశాననుకున్న స్తంభాల బొమ్మను మాత్రం ఎవరూ కన్నెత్తి చూడలేదు.

దీంతో నేను అమ్ముతున్నదేమిటో కొంత తేలింది. నా పనితనం చూసి కొనేవాళ్లు కొద్దిమంది. ఊరు విడిచి హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్లు తమ ఊరి ముక్కను కొనుక్కుంటారు. ఏ చెట్టు, ఏ మెట్టు, ఏ మలుపు అన్నది అచ్చంగా ఉండాలి. కాబట్టి ప్రతి బొమ్మ పేరులో చోటు స్పష్టంగా ఉండాలి. "సాయంసంధ్య" లాంటి పేర్లన్నీ కొట్టేశా. "పానగల్లు కట్ట, తూము దగ్గర నుంచి" అని రాసుకున్నా.

శ్రావణం

బ్లౌజుల సీజన్ మొదలైంది, రాత్రిళ్లు మాత్రమే బొమ్మలు.

ఏ బొమ్మ అమ్మే హక్కు నాకుందో చూసుకుంటూ ఫోల్డరంతా రెండుగా విడదీశా. నేను అక్కడ కూర్చుని గీసినవి, నా ఫోన్ ఫొటో చూసి వేసినవి ఒక వైపు. నెట్‌లో దొరికిన ఫొటో చూసి వేసినవి ఇంకో వైపు. ఆ ఫొటో తీసిన మనిషికి దాని మీద కాపీరైట్ ఉంటుంది, రంగుల్లోకి మార్చినంత మాత్రాన అది నాది అయిపోదు. నేర్చుకోవడానికి వేసుకున్నవి అవి, నేర్చుకోవడానికే ఉంటాయి. దేవరకొండ కోట బొమ్మ ఒకటి చాలా ఇష్టం, అది ఆ వైపే పోయింది. కోటకు నేనే పోయి రావాలి. గుడిని గానీ కోటను గానీ చూసి బొమ్మ వేయడానికి మాత్రం అడ్డేం లేదు. 1957 కాపీరైట్ చట్టంలోనే కట్టడాల బొమ్మలు గీయడం ఉల్లంఘన కాదని ఉంది.

అదే చట్టంలో నాకు పనికొచ్చేవి ఇంకా ఉన్నాయి. బొమ్మ వేసిన క్షణం నుంచే హక్కు వేసినవాళ్లది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. బొమ్మ అమ్మితే కాగితం పోతుంది గానీ కాపీరైట్ పోదు, అది రాతపూర్వకంగా ఇస్తేనే పోతుంది. అయితే ఎవరైనా డబ్బులిచ్చి "నాకోసం వెయ్యి" అని వేయించుకుంటే కథ తిరగబడుతుంది. వేరే ఒప్పందం లేకపోతే ఆ పెయింటింగ్ కాపీరైట్‌కు మొదటి యజమాని వేయించుకున్న మనిషే. సెక్షన్ 17లో ఉంది. ఆర్డర్ మీద పానగల్లు కట్ట వేసిస్తే, రేపు దాన్ని నేను కార్డుల మీద అచ్చేసుకోవాలంటే వాళ్లను అడగాలి. ఆర్డర్లు తీసుకునే రోజు వస్తే ముందే ఒక కాగితం రాసుకోవాలి.

ఆర్డర్ రానే వచ్చింది. చాచా షాపులో నా సంగతి విని ఒకాయన వాళ్ల నాయన బొమ్మ కావాలన్నాడు. ఉన్న ఫొటో ఆధార్ కార్డు మీదిది ఒక్కటే. వాట్సాప్‌లో పంపాడు. గోరంత మొహం, దాని మీద లామినేషన్ మెరుపు. ముక్కు ఎక్కడ ఆగి మీసం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. రెండు రాత్రులు పెన్సిల్‌తో కుస్తీ పట్టా. ఎవరో ఒక ముసలాయన వచ్చాడు, వాళ్ల నాయన మాత్రం రాలేదని నాకే తెలుస్తోంది, ఆయన్ని నేను చూడకపోయినా. "అన్నా, ఇంకో ఫొటో దొరికితే ప్రయత్నిస్తా, దీంతో నావల్ల కాదు" అని మెసేజ్ పెట్టా. పెళ్లిళ్ల ఆల్బమ్‌లు వెతుకుతానన్నాడు. మనుషుల బొమ్మలకు నేనింకా తయారుగా లేను, అది ఇక్కడే రాసుకుంటున్నా.

భాద్రపదం

పార్శిళ్లు. వానలు దంచుతున్నాయి, పరీక్షకు ఇంతకన్నా మంచి కాలం లేదు.

గొట్టంలో చుట్టి పంపడం తేలికనిపించింది. వనస్థలిపురంలో ఉన్న అక్కకు ఒకటి పంపా. చేరింది గానీ 300 జీఎస్ఎం మందపాటి కాగితం గొట్టంలో ఉన్న రోజులన్నీ గుర్తుపెట్టుకుంది. అక్క పుస్తకాల కింద పెట్టి, తీసి, మళ్లీ పెట్టి ఫోన్ చేసింది, "ఇది ఇంకా చాపలెక్క చుట్టుకుంటనే ఉన్నదే" అని. గొట్టం కొట్టేశా.

ఇప్పుడు పంపే పద్ధతి ఇది. బొమ్మ మీద బటర్ పేపర్, నాలుగు మూలలకూ కాగితంతో మడిచిన జేబులు, జేబులను వెనకున్న అట్టకు టేపు వేసి అంటించడం. టేపు బొమ్మకు తగలదు. మొత్తం ఒక ప్లాస్టిక్ కవర్లో, మూతి టేపుతో మూసి. దానికి అటూ ఇటూ కార్టన్ అట్టలు, ఒక వైపు అట్టలో లోపలి గీతలు నిలువుగా, రెండో వైపు అడ్డంగా. రెండూ ఒకే దిక్కు ఉంటే గీత వెంట పార్శిల్ మడతపడుతుంది, అడ్డదిడ్డంగా ఉంటే మోకాలు పెట్టి వంచినా వంగదు. మరిదితో వంచించి చూశా. బుడగల కవరు అట్టల బయటే, బొమ్మకు ఆనించి పెడితే ఎండకు ఆ బుడగల గుర్తులు పడతాయి.

ఆదిలాబాద్‌లో ఉన్న స్నేహితురాలికి పంపే ముందు ఆ పార్శిల్‌ను బకెట్ నీళ్ల కింద పట్టా. బయటి అట్ట మెత్తబడింది, లోపల బొమ్మ పొడిగా ఉంది. కొత్త అట్టలు వేసి పోస్టాఫీసుకు తీసుకుపోయా. రిజిస్టర్డ్ పోస్టును ఈ ఏడాదే స్పీడ్ పోస్టులో కలిపేస్తున్నారు, కాబట్టి ఏది మంచిదన్న చర్చే లేదు. ట్రాకింగ్ నంబరు కస్టమర్‌కు పంపితే సగం ఫోన్లు తగ్గుతాయి. స్నేహితురాలు కవర్ విప్పే వీడియో పంపింది, మూలలు నలగలేదు. అద్దం ఫ్రేముతో పంపమని ఎవరైనా అడిగితే లేదనే చెప్తా. ఊళ్లో ఉన్నవాళ్లయితే చాచా దగ్గర కట్టించుకోవచ్చు.

టాక్స్ లెక్కలు చూసే తమ్ముడిని కలిశా. మన రాష్ట్రంలో సరుకులు అమ్మేవాళ్లకు ఏడాదికి 20 లక్షల లోపైతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. 20 లక్షలంటే నేను నవ్వా, అతనూ నవ్వాడు. ఆన్‌లైన్ దుకాణాల ద్వారా అమ్మాలంటే ఒకప్పుడు చిన్నవాళ్లకు కూడా నంబరు తప్పనిసరి. 2023 అక్టోబర్ 1 నుంచి పాన్‌తో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుని రాష్ట్రం లోపల అమ్ముకోవచ్చు. రాష్ట్రం దాటితే రూల్స్ వేరే. "ముందు తెలంగాణలనే అమ్ము అక్కా, ఆర్డర్లు బయటినుంచి వస్తుంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. నాకు కావలసిన మనుషులు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపే ఉన్నారు గనుక ఇబ్బంది లేదు. డల్లాస్‌లో ఉన్న పెదనాన్న కొడుకు అలిగితే అలగనీ. చేత్తో వేసిన పెయింటింగ్స్ మీద పన్ను సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గుతుందని కూడా చెప్పాడు. రిజిస్ట్రేషన్ లేని నాకు ఇప్పటికి దాంతో పనిలేదు.

ఇదే వారంలో ఒక వింత మెసేజ్. రెండు మూడు బొమ్మలు స్టేటస్‌లో పెట్టానంతే. ఆర్మీలో పనిచేస్తానని, ట్రాన్స్‌ఫర్ మీద కొత్త ఇంటికి పోతున్నానని, ఉన్న బొమ్మలన్నీ కావాలని హిందీలో. ధర అడగలేదు, సైజు అడగలేదు. "పైసలు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టు" అన్నాడు. డబ్బు రావడానికి పిన్ ఎందుకు? యూపీఐ పిన్ మన ఖాతాలోంచి డబ్బు పోవడానికే. బ్లాక్ చేశా. పేమెంట్ అయిందని స్క్రీన్‌షాట్ పంపితే కూడా నమ్మేది లేదు, నా బ్యాంకు మెసేజ్ వచ్చాకే పార్శిల్ కడతా. బ్లౌజుల డబ్బులకూ ఇదే పద్ధతి పెడితే బాగుండేది, కానీ అక్కడ అందరూ వరసలు కలిసేవాళ్లే.

పెత్రమాస ముందు

నిలకడ గురించి రాయాలి, ఎందుకంటే నన్ను ఎక్కువగా భయపెట్టింది అదే. ఒక మంచి బొమ్మ వేయడం వేరు, అదే స్థాయిలో వరసగా వేయడం వేరు. ఈ నెలంతా చెరువు కట్టనే మళ్లీ మళ్లీ వేశా. పొద్దున, మధ్యాహ్నం, ఉదయసముద్రం, అదే పానగల్లు చెరువు, నిండి నీళ్లు కట్ట అంచుకు వచ్చినప్పుడు. ఒకే చోటు గనుక పోల్చుకోవడం తేలిక. కొన్నింటిలో నీటి అంచు గట్టిపడిపోయింది, తడి ఆరిపోయాక రెండో పూత వేయడం వల్ల. కొన్నింటిలో తుమ్మ చెట్టు మరీ అందంగా వచ్చింది, అంటే అబద్ధంగా. గోడకు వరసగా అంటించి, వారం తర్వాత కూడా చూడబుద్ధి అయినవే ఉంచుకున్నా. మిగిలినవాటి వెనక వైపు పిల్లలు లెక్కలు చేసుకుంటున్నారు, కాటన్ కాగితం మీద ఎక్కాలు.

విసుగు వచ్చిందా అని నన్ను నేను అడిగి చూసుకున్నా. కట్టతో రాలేదు. గడియారం సెంటర్‌తో వచ్చింది. ఆ స్తంభం, ఆ వైర్లు, ఆ బోర్డులు ఇంకోసారి వేయమంటే చేతులెత్తేస్తా. కాబట్టి గడియారం బొమ్మ ఉన్నది ఒక్కటే, అది పోతే మళ్లీ లేదు అని రాయాలి. ఆర్డర్ వచ్చినా ఒప్పుకోను.

బతుకమ్మ వారం

పెడుతున్నా.

ఏం పెడుతున్నానంటే: పానగల్లు కట్టలు, లతీఫ్ సాబ్ గుట్ట మెట్లు, గడియారం సెంటర్ ఒక్కటి, పి.వి.19 గునుగుతో వేసిన బతుకమ్మలు. ఛాయా సోమేశ్వరాలయం స్తంభాలు కూడా, షాపులో ఎవరూ చూడకపోయినా సరే. గర్భగుడి గోడ మీద పగలంతా కదలకుండా నిలబడే ఆ నీడను పట్టుకోవడానికి ఎంత తిప్పలు పడ్డానో నాకు తెలుసు, దానికి కొనేవాళ్లు నిదానంగా వస్తారు. అన్నీ 7.5×11, అన్నీ 1,500, తెలంగాణ లోపల టపా కలిపి. బేరం లేదు, చుట్టాలకు కూడా. చిన్నమ్మ ఒకామె "మాకు ఉత్తగ ఇయ్యవా" అన్నది. పెళ్లికి కానుకగా ఇస్తా గానీ అమ్మకంలో ఇవ్వనని చెప్తే మొహం మాడ్చింది, ఎల్లుండి సద్దుల రోజు ఎట్లాగూ కలుస్తాం.

ప్రింట్లు, మనుషుల బొమ్మలు, ఫ్రేములు, రాష్ట్రం బయటి ఆర్డర్లు లేవు. ఆధార్ ఫొటో అన్న పెళ్లి ఆల్బమ్‌లోంచి ఇంకో ఫొటో పంపాడు, పక్కకు తిరిగి నవ్వుతున్న మనిషి. ఇందులో మొహం ఉంది. దసరా తర్వాత డబ్బులు తీసుకోకుండా ఒకసారి వేసి చూస్తా, వస్తే అప్పుడు కాగితం రాసుకుందాం అన్నా.

వివరం ఇట్లా రాశా, అన్నింటికీ ఇదే మూస:

"పానగల్లు చెరువు కట్ట, తూము దగ్గర నుంచి, వానాకాలం. కాటన్ కాగితం మీద నీటిరంగులు, చేత్తో వేసింది, ఇలాంటిది ఇదొక్కటే. 7.5×11 అంగుళాలు, ఫ్రేము లేదు. మీ ఫోన్లో రంగులు కాస్త ఎక్కువగా కనిపించవచ్చు, చేతిలో పట్టుకున్న ఫొటో చూడండి. నేరుగా ఎండ పడే గోడకు పెట్టకండి. మౌంట్ వేయించే అద్దం బిగించండి. కొన్నాక బొమ్మ మీది, అచ్చు వేసే హక్కు నాది. పార్శిల్ దెబ్బతిని వస్తే విప్పేటప్పటి వీడియో పంపండి, డబ్బు వాపస్ ఇస్తాను. పార్శిళ్లు సోమవారం, గురువారం పంపుతాను."

సోమ గురువారాలే ఎందుకంటే పోస్టాఫీసుకు పోయే దారిలోనే లైనింగ్ గుడ్డ తెచ్చుకునే షాపు ఉంది. దసరా బ్లౌజులు ఇంకా బోలెడు కుట్టాలి.